అకపెల్లా అంటే వాద్యాలు లేని పాటేనా? ఒక ఇటాలియన్ మాట నడిచిన దారి

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో 1548లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న పెద్ద ఆర్కెస్ట్రా ఒకటి ఉంది. దాని పేరు స్టాట్స్‌కపెల్లె. వయొలిన్లు, ట్రంపెట్లు, పెద్ద డోళ్లు, అన్నీ అందులో ఉంటాయి. మరోవైపు, వాద్యం ఒక్కటి కూడా లేకుండా గొంతులతోనే పాడే పాటను అకపెల్లా అంటున్నాం. రెండు పేర్లలోనూ ఉన్న మాట ఒక్కటే, కపెల్లా. ఒకచోట అది వాద్యబృందానికి పేరైతే, ఇంకోచోట వాద్యాలు లేకపోవడానికి గుర్తయింది.

ఈ మాట తెలుగువాళ్లకు ఎక్కువగా పరిచయమైంది యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారానే. సినిమా పాటను నలుగురు కలిసి నోటితోనే పాడి పెడితే అకపెల్లా. ఒకే వ్యక్తి తెరను ఆరు గళ్లు చేసి ఆరు గొంతులు పాడితే అకపెల్లా. రికార్డైన పాటలోంచి సంగీతం తీసేసి గాయని గొంతు మాత్రమే మిగిల్చిన ఫైలు కూడా అకపెల్లాయే. ఇంతకీ అసలు అర్థం ఏది అన్న సందేహం రావడం సహజం. సమాధానం కోసం నాలుగో శతాబ్దం దాకా వెళ్లాలి.

సంక్షిప్తంగా

ఇటాలియన్‌లో ‘ఆ కప్పెల్లా’ అంటే ‘ప్రార్థనా మందిరం పద్ధతిలో’ అని. ఆ పదబంధంలో వాద్యాల ప్రస్తావనే లేదు. 16, 17 శతాబ్దాల్లో కప్పెల్లా అంటే చర్చికో రాజాస్థానానికో చెందిన సంగీత బృందం. చాలాచోట్ల ఆ బృందం వాద్యాలతో కలిసే పాడేది. వాద్యాలు వాడని పోపు సొంత మందిరం అందుకు మినహాయింపు. 19వ శతాబ్దంలో పాత చర్చి సంగీతాన్ని తిరిగి వెలికితీసినవారు ఆ మినహాయింపునే అందరి పద్ధతిగా భావించారు. నేటి అర్థం అక్కడ పుట్టింది. గొంతు మాత్రమే ఉన్న ఫైలు అన్న అర్థం ఇంకా కొత్తది, రికార్డింగ్ రంగం ఇచ్చినది.

సగం అంగీ

ఫ్రాన్స్‌లోని టూర్ నగరానికి బిషప్‌గా పనిచేసిన మార్టిన్ క్రీ.శ. 397లో మరణించాడు. అంతకుముందు ఆయన రోమన్ సైనికుడు. అమియాఁ పట్టణ ద్వారం దగ్గర చలికి వణుకుతున్న ఒక బిచ్చగాడిని చూసి, తన పై అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడన్నది ఆయన పేరు మీద ప్రచారంలో ఉన్న కథ. మిగిలిన సగం అంగీగా భావించిన వస్త్రాన్ని ఫ్రాంకు రాజులు పవిత్ర వస్తువుగా దాచుకున్నారు. యుద్ధానికి వెంట తీసుకెళ్లేవారు, దాని మీద ప్రమాణాలు చేయించేవారు.

లాటిన్‌లో అంగీని కప్పా అంటారు. చిన్న అంగీ కప్పెల్లా. ఆ వస్త్రం ఉంచిన గదికి క్రమంగా అదే పేరు వచ్చింది. దాన్ని కాపాడే పూజారులు కప్పెల్లానీలు అయ్యారు. ఇంగ్లీషులోని చాపెల్, చాప్లిన్ అన్న మాటలు రెండూ ఇక్కడివే. తర్వాత పెద్ద చర్చికి అనుబంధంగానో రాజభవనం లోపలో ఉండే ఏ చిన్న ప్రార్థనా మందిరాన్నైనా కప్పెల్లా అనడం యూరప్ అంతా మామూలైంది.

గది పేరు మనుషులకు

తర్వాతి మలుపు చాలా ముఖ్యం. ఒక గదిలో ఒకే పని చేసేవారిని ఆ గది పేరుతోనే పిలవడం ఏ భాషలోనైనా జరుగుతుంది. మధ్యయుగాల చివరికి కప్పెల్లా అంటే కట్టడం మాత్రమే కాదు, అక్కడ జీతానికి కుదిరిన పూజారులు, గాయకులు, వాద్యకారులు అందరూ కలిసిన వ్యవస్థ. రాజు ప్రయాణమైతే కప్పెల్లా కూడా ఆయన వెంట ప్రయాణమయ్యేది. దానికి పెద్ద ఇటలీలో మాయెస్ట్రో ది కప్పెల్లా, జర్మన్ ప్రాంతాల్లో కపెల్‌మైస్టర్.

ఈ పదవిలో చర్చి వాసన క్రమంగా తగ్గింది. జోసెఫ్ హైడన్ 1766లో ఎస్తర్‌హాజీ సంస్థానంలో పూర్తి స్థాయి కపెల్‌మైస్టర్ అయ్యేనాటికి ఆయన పనిలో ఒపెరాలు, సింఫనీలు, వాద్యకారుల క్రమశిక్షణ అన్నీ ఉన్నాయి. జర్మన్‌లో కపెల్లె అన్న మాట చివరికి ఆర్కెస్ట్రా అన్న అర్థానికి వచ్చి నిలిచింది. డ్రెస్డెన్ బృందం పేరులో ఉన్నది ఈ అర్థమే. ఆస్థానంలో గాయకులూ వాద్యకారులూ కలిసి ఉన్న సంస్థలో, కాలక్రమంలో ఆ పేరు వాద్యాల పక్షానికి మిగిలిందన్నమాట. ఇటాలియన్ పదబంధం విషయంలో అదే పేరు గొంతుల పక్షానికి మిగిలింది. అది ఎలా జరిగిందో చూడాలంటే 16వ శతాబ్దపు చర్చిలో ఏం వినిపించేదో తెలియాలి.

ఆ రోజుల్లో నిజంగా ఎలా పాడేవారు

నాలుగు, ఐదు, ఆరు గొంతులు వేర్వేరు వరుసలు పాడుతూ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయే బహుస్వర గానం ఆ శతాబ్దపు గొప్ప కళ. ఈ గొంతుల పక్కన వాద్యాలు ఉండటం సర్వసాధారణం. మ్యూనిక్ ఆస్థానంలో సంగీతకర్త ఓర్లాందో ది లాసో నాయకత్వంలోని బృందాన్ని హాన్స్ మీలిచ్ వేసిన చిత్రంలో గాయకులూ వాద్యకారులూ ఒకే గుంపుగా కనిపిస్తారు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి 1568లో వాద్యకారుల బృందాన్ని శాశ్వత ప్రాతిపదికన నియమించుకుంది. స్పెయిన్‌లోని సెవిల్ కెథడ్రల్‌లో ఫ్రాన్సిస్కో గెర్రెరో 1586లో వాద్యకారులకు రాసిన నియమావళి ఇప్పటికీ ఉంది. ఒకే వాద్యం అదేపనిగా వింటే విసుగొస్తుంది కాబట్టి వాద్యాలు మార్చుతూ వాయించాలని, ఇద్దరు ఒకేసారి గమకాలు వేసి వికారం చేయొద్దని అందులో ఉంది. పాట మధ్యలో వాద్యాలు ఎంత సహజంగా కలిసిపోయాయో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

వాద్యాలు చేసే పని ఎక్కువగా గొంతు వరుసను అదే స్వరాలతో అనుసరించడం. మన కచేరీలో గాయకుడి వెంట వయొలిన్ నడిచినట్టే కార్నెట్టో అనే ఊదే వాద్యం, పాత తరహా ట్రోంబోన్, పైపుల ఆర్గాన్ ఆయా గొంతుల వెంట నడిచేవి. వాటికి విడిగా రాసిన సంగీతం ఉండేది కాదు.

తర్వాతి తరాలు పొరబడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అప్పటి ముద్రిత సంగీతంలో ఒక్కో గొంతుకు ఒక్కో చిన్న పుస్తకం ఉండేది. అందులో స్వరాలు, వాటి కింద సాహిత్యం, అంతే. ఏ వాద్యం ఎక్కడ కలవాలో రాసేవారు కాదు, ఎందుకంటే ఉన్న వనరులను బట్టి స్థానిక నాయకుడే నిర్ణయించేవాడు. ఆర్గాన్ వాయించేవాడు తనకు కావలసిన ప్రతిని తనే రాసుకునేవాడు. మూడు వందల ఏళ్ల తర్వాత ఆ పుస్తకాలు తెరిచినవారికి కనిపించింది గొంతులు మాత్రమే.

వాద్యాలు నిజంగానే లేని చోటు ఒకటి ఉంది. పోపు నాలుగో సిక్స్‌టస్ కాలంలో, 1473 నుంచి 1481 మధ్య రోమ్‌లో కట్టిన సిస్టీన్ మందిరం. గోడలో గాయకుల కోసం ఒక గ్యాలరీ ఉంది, ఆర్గాన్ మాత్రం లేదు. పోపు సొంత గాయకులు అక్కడ వాద్యం తోడు లేకుండా పాడేవారు. రోమ్‌లోనే మిగతా పెద్ద చర్చిలలో ఆర్గాన్లు మోగుతూనే ఉండేవి. ఈ సంగీతానికి ప్రతీకగా నిలిచిన జొవాన్నీ పియెర్లుయీజీ ద పాలెస్త్రీనా జీవితం కూడా ఈ తేడాను చూపిస్తుంది. సిస్టీన్ గాయక బృందంలో ఆయన ఉన్నది 1555లో కొన్ని నెలలు. పెళ్లయిన గాయకులు ఉండకూడదని కొత్త పోపు నాలుగో పాల్ ఆదేశించడంతో బయటికి రావలసి వచ్చింది. అంతకుముందు కొన్నేళ్లు, ఆ తర్వాత 1571 నుంచి 1594లో మరణించే వరకు ఆయన పనిచేసింది సెయింట్ పీటర్స్ చర్చిలో. అక్కడ ఆర్గాన్ ఉంది.

1600 తర్వాత: ఒక పాత పద్ధతి పేరు

17వ శతాబ్దం మొదట్లో సంగీతం బాగా మారింది. ఒంటరి గొంతు భావోద్వేగంతో పాడటం, వాద్యాలకు ప్రత్యేకంగా సంగీతం రాయడం, ఒపెరా, ఇవన్నీ వచ్చాయి. కొత్తది రాగానే పాతదాన్ని గుర్తుపట్టడానికి ఒక పేరు అవసరమైంది. పాలెస్త్రీనా కాలపు తీరులో, అందరి గొంతులకూ సమాన పాత్ర ఉండేలా, నియమాలు తప్పకుండా రాసిన చర్చి సంగీతాన్ని ‘ఆ కప్పెల్లా’, ‘ద కప్పెల్లా’ అనడం ఎక్కువైంది. అంటే ఇది రచనా శైలికి పేరు. ఎవరెవరు వాయిస్తున్నారన్నది దాని పరిధిలో లేదు.

క్లౌదియో మాంతెవెర్దీ 1610లో వెనిస్‌లో అచ్చువేసిన సంపుటిలో ఆరు గొంతుల దివ్యబలి పూజా సంగీతం ఒకటి ఉంది. దానికి ‘ద కపెల్లా’ అని పేరు పెట్టి, దాంతోపాటే ఆర్గాన్ వాయించేవాడి పుస్తకంలో దాని వరుస కూడా అచ్చువేశారు. వాద్యం లేకపోవడమే ఆ మాటకు అర్థమైతే ఈ ముద్రణకే అర్థం ఉండదు. వియన్నాలో 1725లో వెలువడిన ప్రసిద్ధ పాఠ్యగ్రంథంలో యోహాన్ యోసెఫ్ ఫుక్స్ ఈ శైలిని రెండు రకాలుగా విడదీశాడు: ఆర్గాన్, వాద్యాలు లేనిది ఒకటి, అవి ఉన్నది ఇంకొకటి. రెండూ ఆయన లెక్కలో కప్పెల్లా శైలే.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1740లలో లైప్‌జిగ్‌లో పాలెస్త్రీనా రాసిన ఆరు గొంతుల పూజా సంగీతం ఒకదాన్ని వాడుకున్నాడు. దానికి కార్నెట్టోలు, ట్రోంబోన్లు, ఆర్గాన్ వరుసలు తయారుచేయించాడు. ఆయన అందులో పాలెస్త్రీనాకు చేసిన అపచారం ఏమీ లేదు. ఆ సంగీతాన్ని అలా వినడమే అప్పటికి మామూలు.

ఇదే కాలంలో ఈ మాటకు తాళానికి సంబంధించిన ఒక పక్క అర్థం కూడా ఏర్పడింది. పెద్ద విలువల స్వరాలను వేగంగా లెక్కించే పాత పద్ధతిని కూడా ‘అల్లా కప్పెల్లా’ అనేవారు. ఆ వాడుక దాదాపు మాయమైంది.

19వ శతాబ్దం మార్చిన అర్థం

ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ యుద్ధాల తర్వాత యూరప్‌లో గతం మీద, ముఖ్యంగా మధ్యయుగాల మీద, గొప్ప మోజు పెరిగింది. చర్చిలో వినిపిస్తున్న సంగీతం ఒపెరాలా ఉందన్న అసంతృప్తి కూడా తోడైంది. రచయిత, సంగీతకర్త ఈ.టి.ఎ. హాఫ్‌మన్ 1814లో పాత, కొత్త చర్చి సంగీతాల మీద రాసిన వ్యాసంలో పాలెస్త్రీనాను పవిత్రతకు నమూనాగా నిలబెట్టాడు. హైడెల్‌బర్గ్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుడైన తీబో సంగీత పరిశుద్ధత గురించి ఒక పుస్తకమే రాశాడు. ఆయన ఇంట్లో పాత బహుస్వర గానాన్ని పాడించే బృందం ఉండేది.

పాలెస్త్రీనా చుట్టూ అప్పటికే ఒక పురాణం అల్లుకుని ఉంది. చర్చిలో బహుస్వర గానాన్ని నిషేధించాలని కాథలిక్ మతపెద్దల ట్రెంట్ మహాసభ సిద్ధపడితే, మార్చెల్లుస్ పోపు పేరుతో ఆయన రాసిన పూజా సంగీతం విని పెద్దలు మనసు మార్చుకున్నారన్నది ఆ కథ. 1607 నాటికే ఇది రాతలో కనిపిస్తుంది. 1828లో జుసెప్పె బయీనీ రాసిన జీవితచరిత్ర దాన్ని దేశదేశాలకు పాకించింది. రికార్డులు చెప్పేది ఇంత పెద్ద కథ కాదు. 1545 నుంచి 1563 దాకా సాగిన మహాసభలో 1562లో సంగీతం చర్చకు వచ్చింది. పదాలు అర్థం కావాలని, లౌకిక వాసన ఉండకూడదని పట్టుబట్టినవారున్నారు. 1565 ఏప్రిల్‌లో కార్డినల్ విటెల్లీ ఇంట్లో పోపు గాయకులు కొన్ని పూజా గీతాలు పాడితే, పదాలు వినబడుతున్నాయా లేదా అని పరీక్షించారు. ఆ రోజు పాలెస్త్రీనా రచన పాడారనడానికి ఆధారం లేదు. సంగీతాన్ని ఒక్కడే కాపాడాడన్న కథ మాత్రం మనుషులకు నచ్చింది, అందుకే నిలిచింది.

ఈ అభిమానులంతా రోమ్ వెళ్లి వినేది ఎక్కడ? సిస్టీన్ మందిరంలో, ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో. 1770లో పద్నాలుగేళ్ల మోజార్ట్ అక్కడ విన్న అల్లెగ్రి ‘మిసెరెరె’ను జ్ఞాపకంతో రాసేసిన సంగతి అప్పటికే ప్రసిద్ధం. 1831లో మెండెల్సన్ కూడా విని వివరంగా ఉత్తరాలు రాశాడు. చీకటి పడుతున్న వేళ, దీపాలు ఒక్కొక్కటే ఆర్పేస్తుండగా, వాద్యం తోడులేని గొంతులు. అదే మందిరం, పాలెస్త్రీనా కూడా కొన్నాళ్లు పాడిన అదే బృందం. కాబట్టి ఆయన కాలపు సంగీతమంతా ఇలాగే ఉండేదని అనుకోవడం తేలిక. చేతిలో ఉన్న పాత పుస్తకాల్లో కూడా గొంతులే కనిపిస్తున్నాయి. ఒక ప్రత్యేకమైన గది ఆచారం ఇలా ఒక యుగపు ఆచారమైంది, ‘మందిరం పద్ధతిలో’ అన్న మాటకు ‘వాద్యాలు లేకుండా’ అన్న అర్థం స్థిరపడింది.

దీనికి సంస్థల బలం కూడా వచ్చింది. ఫ్రాంజ్ జేవియర్ విట్ 1868లో స్థాపించిన జర్మన్ సెసీలియన్ సంఘం పాత బహుస్వర గానాన్ని చర్చిలలో తిరిగి నిలపడానికి పనిచేసింది. పాలెస్త్రీనా సమగ్ర రచనల ముద్రణ 1862లో మొదలై 1907 దాకా సాగింది. పోపు పదో పయస్ 1903లో ఇచ్చిన ఆదేశంలో, అందరూ ఒకే వరుస పాడే పాత గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం, పాలెస్త్రీనా తరహా గానానికి తర్వాతి స్థానం ఇచ్చి, పియానోను, డోళ్లు, తాళాల వంటివాటిని చర్చిలో వద్దన్నాడు. ఆర్గాన్‌ను మాత్రం అనుమతించాడు.

వాద్యాలు వద్దన్న ఇతరులు

వాద్యం లేకుండా పాడటం రోమ్‌లోనే పుట్టిందనుకోవడం కూడా పొరపాటే. తూర్పు ఆర్థడాక్స్ చర్చిలలో చాలా భాగం ఆరాధనలో మనిషి గొంతును మాత్రమే అనుమతిస్తాయి. రష్యన్ సంగీతకర్త రాఖ్మానినోవ్ 1915లో రాసిన ‘ఆల్ నైట్ విజిల్’ (రాత్రి జాగరణ ప్రార్థన) పెద్ద బృందానికి రాసినదే అయినా అందులో ఒక్క వాద్యమూ లేకపోవడానికి ఈ నియమమే కారణం. అమెరికాలో చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ అనే ప్రొటెస్టెంట్ శాఖ కొత్త నిబంధనలో ఆరాధనకు వాద్యాల ఆదేశం కనిపించదన్న వాదంతో వాటిని వదిలేసింది. 1906 మత గణాంకాల్లో ఆ శాఖ విడిగా నమోదు కావడానికి దారితీసిన తగాదాల్లో ఇదొకటి. వీరి గానాన్ని నేడు అకపెల్లా అంటున్నారు గానీ, ఆ ఆచారాలు ఈ ఇటాలియన్ మాట మీద ఆధారపడినవి కావు.

తోడు లేకపోతే శ్రుతి ఏమవుతుంది

అర్థం చరిత్రలో పొరపాటున మారినా, వాద్యం లేకుండా పాడటం సంగీతపరంగా నిజంగానే వేరే పని. అసలు కష్టం స్వచ్ఛమైన శ్రుతిలో ఉంది.

రెండు గొంతులు పూర్తిగా కలిసి, ఎక్కడా కొట్టుకోకుండా వినిపించాలంటే వాటి కంపనాల నిష్పత్తి చిన్న సంఖ్యల్లో ఉండాలి. షడ్జమ పంచమాలకు 2:3, షడ్జమ మధ్యమాలకు 3:4, షడ్జమానికి ధైవతానికి 3:5. ఇప్పుడు షడ్జమం సెకనుకు 243 కంపనాల దగ్గర మొదలైందనుకుందాం. బృందం హార్మొనీ స నుంచి ద మీదికి, ద నుంచి రి మీదికి, రి నుంచి ప మీదికి, తిరిగి స మీదికి కదిలింది. పాశ్చాత్య సంగీతంలో ఎన్నో పాటల్లో వినిపించే వరుస ఇది. ప్రతి అడుగూ స్వచ్ఛంగానే వేశారు. 243 మీద ధైవతం 405. దాని నుంచి పంచమం అంత కిందికి దిగితే రిషభం 270. అక్కడి నుంచి మధ్యమం అంత ఎక్కితే పంచమం 360. మళ్లీ పంచమం అంత దిగితే షడ్జమం 240.

మొదలైంది 243, చేరింది 240. ఎవరూ అపశ్రుతి పాడలేదు, అయినా బృందమంతా కిందికి జారింది. 81కి 80కి ఉన్న ఈ తేడాను కామా అంటారు. అరస్వరాన్ని వంద సెంట్లుగా కొలిస్తే ఇది సుమారు 21.5 సెంట్లు. ఇదే చుట్టు ఐదుసార్లు తిరిగితే అరస్వరం దాటి దిగిపోతారు. ఇటలీ గణితవేత్త జొవాన్నీ బత్తిస్తా బెనెదెత్తి 1560లలోనే సంగీతకర్త చిప్రియానో దె రోరెకు రాసిన ఉత్తరాల్లో ఈ జారుడును లెక్కలతో చూపించాడు. అవి 1585లో అచ్చయ్యాయి.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఈ అంకెలు కొత్త కావు. 22 శ్రుతుల లెక్కలో త్రిశ్రుతి రిషభం 10/9, చతుశ్రుతి రిషభం 9/8. ఈ రెండింటి మధ్య తేడా సరిగ్గా 81/80. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ప్రమాణ శ్రుతిని ఈ విలువతోనే గుర్తించే సంగీత శాస్త్రకారులు చాలామంది ఉన్నారు. పై ఉదాహరణలో బృందం చేరిన 270 త్రిశ్రుతి రిషభం. చతుశ్రుతి అయితే 273 దాటి ఉండేది. చిక్కు పుట్టింది ఆ రిషభం దగ్గరే.

మరి మన గాయకులు ఎందుకు జారిపోరు? తంబూర వల్ల. ప్రతి స్వరాన్నీ కదలని ఒకే షడ్జమంతో సరిచూసుకుంటారు. బహుస్వర బృందంలో అలాంటి స్థిరమైన ఆధారం లేదు. ఒక్కో గాయకుడు పక్కవాడి గొంతుతో సరిచూసుకుంటాడు, ఆ పక్కవాడూ కదులుతూనే ఉంటాడు. ఆర్గాన్ ఉన్న చర్చిలో ఈ బెంగ తక్కువ. 16వ శతాబ్దపు ఆర్గాన్లలో పంచమాలను ఒక్కొక్కటి సుమారు ఐదు సెంట్లు తగ్గించి, కామాను నాలుగు పంచమాలకు పంచేసేవారు. గొంతుల వెంట నడిచిన వాద్యాలు అలంకారానికే కాదు, శ్రుతిని పట్టి ఉంచడానికి కూడా పనికొచ్చాయని దీన్నిబట్టి చెప్పవచ్చు. సిస్టీన్ గాయకుల పేరు అంతగా మోగడానికి కారణం, ఆ తోడు లేకుండా నిలబడగలగడం.

అనుభవమున్న బృందాలు జారుడును పూర్తిగా ఆపలేవు, దాచగలవు. నిలిచి మోగే స్వరకూటాల్లో స్వచ్ఛత ఉంచి, దాటుకుంటూ వెళ్లే అడుగుల్లో కొంచెం కొంచెం సర్దుకుంటాయి. లాభం కూడా ఇక్కడే ఉంది. పియానోలో గాంధారం 400 సెంట్లు, స్వచ్ఛమైన గాంధారం 386. ఆ పద్నాలుగు సెంట్లు తగ్గించే స్వేచ్ఛ పియానోకు లేదు, గొంతుకు ఉంది. నాలుగు గొంతులు అలా కుదిరినప్పుడు ఎవరూ పాడని పై స్వరం ఒకటి గదిలో మోగినట్టు వినిపిస్తుంది. అది భ్రమ కాదు. గొంతుల్లోని ఉపస్వరాలు, అంటే అసలు స్వరంతోపాటే సన్నగా మోగే పై స్వరాలు, ఒకదానిపై ఒకటి పడి బలపడటం వల్ల వచ్చేదే.

చర్చి దాటి

అమెరికాలో ఈ మాట విశ్వవిద్యాలయాల ద్వారా వ్యాపించింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పీటర్ లట్కిన్ 1906లో పెట్టిన బృందం పేరులోనే అకపెల్లా ఉంది. 1909లో యేల్‌లో మొదలైన విఫెన్‌పూఫ్స్‌తో కాలేజీ కుర్రాళ్ల సరదా పాటల సంప్రదాయం బలపడింది. నల్లజాతి సమాజంలో అంతకుముందే గొప్ప బృందగానం ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ తరానికి చెందిన ఫిస్క్ జూబిలీ సింగర్స్ 1871 నుంచి ఊరూరా తిరిగి ఆధ్యాత్మిక గీతాలు పాడి తమ కాలేజీకి నిధులు సేకరించారు. పై ఉపస్వరం మోగేలా పాడటమే లక్ష్యంగా పెట్టుకున్న బార్బర్‌షాప్ నాలుగు గొంతుల పద్ధతికి కూడా నల్లజాతి యువకుల గానంలో వేర్లున్నాయి. 1938లో ఆ పద్ధతిని కాపాడటానికి టల్సాలో పుట్టిన సంఘం చాలాకాలం వారినే చేర్చుకోలేదన్నది ఈ చరిత్రలో చెప్పక తప్పని విషయం.

పాప్ సంగీతంలో వాద్యాల పనిని కూడా నోటికి అప్పగించడం పెద్ద మార్పు. బాస్ గొంతు గిటార్‌లా, మరో గొంతు డ్రమ్స్‌లా మోగుతుంది. 1988లో బాబీ మెక్‌ఫెరిన్ పాట ఒకటి వాద్యమే లేకుండా అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. అందులో వినిపించే గొంతులన్నీ ఆయనవే, ఒకదానిపై ఒకటి రికార్డు చేసినవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1996లో మొదలైన పెన్ మసాలా, హిందీ పాటలనూ ఇంగ్లీషు పాటలనూ కలిపి పాడుతూ, అమెరికాలోని భారతీయ కుటుంబాల పిల్లలకు ఈ కళను దగ్గర చేసింది. దక్షిణాది శ్రోతలకు అంతకుముందే ఒక మంచి ఉదాహరణ దొరికింది. 1993లో మణిరత్నం తీసిన, తెలుగులో ‘దొంగ దొంగ’గా వచ్చిన సినిమాలో ఎ.ఆర్. రెహమాన్ ఒక పాటను దాదాపు గొంతులతోనే నడిపించాడు. వాద్యం లేదన్న లోటు అందులో తెలియదు.

అయితే నేటి రికార్డింగుల్లో చాలావాటికి, పైన చెప్పిన శ్రుతి కష్టం ఉండదు. చెవిలో తాళం టిక్కుటిక్కుమంటూ ఉంటుంది, తర్వాత సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరాన్నీ పియానో కొలతకు సర్దుతుంది. బృందం జారిపోదు, కానీ స్వచ్ఛ గాంధారం కూడా పోతుంది. వాద్యం కనిపించకపోయినా పియానో శ్రుతి ఆ పాటలో కూర్చునే ఉంటుంది. వేదిక మీద నేరుగా పాడే బృందానికీ దీనికీ ఉన్న తేడా ఇదే, శ్రద్ధగా వింటే తెలుస్తుంది.

గొంతు ఫైలు

రీమిక్స్ చేసేవారి వాడుకలో అకపెల్లా అంటే పాట నుంచి విడదీసిన గొంతు ట్రాక్. 1980లలో డిస్క్ జాకీల కోసం వచ్చే పన్నెండు అంగుళాల రికార్డుల్లో గొంతు మాత్రమే ఉన్న రూపం కూడా వేసేవారు. 2003 చివర్లో వచ్చిన అమెరికన్ ర్యాపర్ జే-జీ ఆల్బమ్ గొంతు ట్రాకులు కూడా విడుదలయ్యాయి. డేంజర్ మౌస్ అనే నిర్మాత వాటిని బీటిల్స్ రికార్డింగులతో కలిపి 2004లో కొత్త ఆల్బమ్ తయారుచేస్తే, హక్కుల మీద పెద్ద గొడవ జరిగింది. 2019లో ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే డీజర్ సంస్థ స్ప్లీటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశాక, ఏ పాటలోంచైనా గొంతును తీయడం ఇంట్లో కంప్యూటర్ మీద నిమిషాల పని అయింది.

ఇది మిగతా రెండు అర్థాల కంటే భిన్నం. ఇక్కడ గాయని వాద్యాలతోనే పాడింది, ఆ శ్రుతినీ తాళాన్నీ వింటూనే పాడింది. తర్వాత వాద్యాలను తుడిచేశారు. వాద్యం లేకుండా పాడటం వేరు, పాడాక వాద్యం తీసేయడం వేరు. యూట్యూబ్‌లో రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్లే చాలామంది గందరగోళపడుతున్నారు. ఇలా తీసిన గొంతును ఇంకో ట్యూన్‌కు అతికించి పెట్టేవారు గుర్తుంచుకోవలసింది, వాద్యాలు పోయినంత మాత్రాన ఆ రికార్డింగు మీద హక్కులు పోవు.

మన పాటలకు ఈ పేరు

బతుకమ్మ చుట్టూ చప్పట్లతో పాడే ఉయ్యాల పాటలు, నాట్లు వేసేటప్పుడు పాడే పాటలు, జోలపాటలు, వీటిలో చాలావాటికి వాద్యం తోడుండదు. నిఘంటువు అర్థం పట్టుకుంటే ఇవన్నీ అకపెల్లాలే. ఒంటరి గొంతైనా, అందరూ ఒకే వరుస పాడినా ఆ నిర్వచనంలో పడతాయి. కానీ ఈ మాట పుట్టింది, పెరిగింది బహుస్వర గానంలో. అక్కడి కష్టమంతా వేర్వేరు వరుసలు కలిసి శ్రుతిలో నిలవడమే. బతుకమ్మ పాటలో అందరిదీ ఒకటే వరుస. అక్కడ చూడవలసిన నేర్పు వేరు: ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవడం, నడకకు చప్పట్లు కుదరడం, పాటను అప్పటికప్పుడు పొడిగించడం. అందువల్ల ఆ పాటలను వాటి సొంత పేర్లతో పిలవడమే మేలు. తెలుగు సినిమా పాటను నాలుగు గొంతులుగా విడదీసి, హార్మొనీ కట్టి పాడే బృందాలకు మాత్రం అకపెల్లా సరిగ్గా సరిపోతుంది. రాసేటప్పుడు ఇంగ్లీషువాళ్లలా ‘అకపెల్లా’ అన్నా, ఇటాలియన్‌లో పలికినట్టు రెండు ద్విత్వాలతో ‘ఆ కప్పెల్లా’ అన్నా తప్పు లేదు. రెండోదే ఇటాలియన్ ఉచ్చారణకు దగ్గర, ద్విత్వాలు పలకడం మనకు కష్టమేమీ కాదు కూడా.